పధ్నాలుగు ఇళ్ళ పాపం

“నూనె ఏం నూనె సామీ? నువ్వులదా, వేరుసెనగదా?”

రాయపురంలో తన అద్దె ఇంటి తిన్నె మీద విసనకర్రతో కుస్తీ పడుతున్న కామేశం శాస్త్రి ఉలిక్కిపడ్డాడు. జాతకం చూపించుకోవడానికి వచ్చేవాళ్ళు ఉద్యోగం గురించి అడుగుతారు, సంతానం గురించి అడుగుతారు. నరకంలో బాణలిలో ఏ నూనె పోస్తారని అడిగినవాడు ఇతనొక్కడే.

“ఏ నూనైతే ఏమయ్యా? వేగేది నువ్వు! అసలు నీకెందుకొచ్చింది ఈ నరకభయం?”

వెంకటపతి నాయుడు చేతులు నలుపుకున్నాడు. “నిన్న హరికథలో చెప్పినారు సామీ. అక్కరకు మించి ఆస్తి ఉండేవాడు దొంగతో సమానమంట. ఒక్కో ఇంటికి ఒక్కో బాణలి అంట. నా పేర పధ్నాలుగు ఇళ్ళుండాయి. రాత్రంతా నిద్ర రాలా.”

నిద్ర రాకపోవడంలో వింతేమీ లేదు. హద్దు మీరిన ఇళ్ళ స్థలాలు లాక్కునే సీలింగు చట్టం వస్తోందని మద్రాసు షావుకార్లంతా సీలింగు కేసి చూస్తూ పడుకుంటున్న రోజులవి. కానీ ఈ మనిషి వాలకమే శాస్త్రికి మింగుడు పడలేదు. కోటీశ్వరుడికి కోటు లేకపోతే పోనీ, చొక్కాకి కాలరైనా లేదు. చెప్పుల్లో ఒకటి గోధుమరంగు, రెండోది నలుపు. శాస్త్రి ముక్కు చిట్లించేలోపలే నాయుడు సంచీలోంచి ఇంటిపన్ను రసీదుల కట్ట తీశాడు. అన్నిటి మీదా ఒకటే పేరు: వెంకటపతి నాయుడు.

“ఏమయ్యా” అన్న నోరే “అయ్యా” అంది. “కూర్చోండి నాయుడుగారూ! కింద కాదు, పీట మీద. ఏమే మంగా, చల్ల తే! ఉప్పేసి, ఇంగువేసి!” అని లోపలున్న భార్యను కేకేశాడు.

“పీటెందుకు సామీ, నాకు అలవాటు లేదు” అని నాయుడు నేల మీదే కూలబడ్డాడు.

ఎంత వినయం అనుకున్నాడు శాస్త్రి. అద్దె కట్టలేక అద్దంలో ముఖం చూసుకోవడం మానేసిన మనిషి తను. ఆస్తి ఉన్నవాడికి ఆసక్తి లేదు, ఆసక్తి ఉన్న తనకు ఆస్తి లేదు. దేవుడి పంపకాలు ఎప్పుడూ ఇట్లాగే ఏడుస్తాయి.

“ఇంత ఆస్తి పెట్టుకొని ధర్మంగా బతికే దారే లేదా సామీ?”

“ఎందుకు లేదూ? ధనంలో ఒత్తు తీసి దీర్ఘం పెడితే దానం! ఒత్తిడి తగ్గుతుంది, ఆయుష్షు దీర్ఘమవుతుంది. సరే, పధ్నాలుగింటిలో మీరుండేది ఏది?”

“ఏదీ కాదు సామీ. మేముండేది రేకుల కొట్టం. వాన పడితే ఉండే గిన్నెలన్నీ మా పొన్నమ్మ కింద పరిచేస్తుంది.”

“శివశివా! ఇల్లాలిని రేకుల కింద పెట్టి కూడబెడుతున్నారా? మరి మిగతా ఇళ్ళు?”

“ఆరిటికి తాళం వేసుండాది. పెరంబూరు ఇంటి ముందర రోడ్డు పక్క ప్లాట్‌ఫారం మీద పిల్లాజెల్లాతో జనం పండుకోనుంటారు సామీ. నా పేరుండే తలుపు వాళ్ళ తలకాయలకు జానెడు దూరం. అది చూసొచ్చిన రోజు నాకు అన్నం దిగదు.”

శాస్త్రి విసనకర్ర కింద పెట్టేశాడు. ఆ వీధిలో గ్రహణాలైనా వచ్చేవి గానీ, అది జరిగేది కాదు.

“అయితే తాళం తియ్యవయ్యా!” మర్యాద మళ్ళీ జారిపోయింది.

“తాళంచెవులు రంగనాథంగారి దగ్గర ఉండాయి. బాడుగలూ ఆయనే తీసుకుంటారు. కొనేదీ అమ్మేదీ అన్నీ ఆయనే చూసుకుంటారు.”

“మేనేజరా? మిమ్మల్ని నిలువునా మింగుతున్నాడే! ఆస్తి ఎవరి పేర ఉంటే పాపం వాళ్ళదే, తెలుసా? మింగేది ఆయన, వేగేది మీరు. పాపం!”

“అదే సామీ, ఆ పాపమే.”

“ఈ పూటే పోయి గట్టిగా చెప్పండి. కొత్త ఆస్తి వద్దనండి. పెరంబూరు తాళం తీసి వాళ్ళను లోపల పెట్టమనండి. ఇంకో ఇల్లు ఎవరైనా సద్బ్రాహ్మణుడికి...” శాస్త్రి గొంతు సవరించుకున్నాడు. “రాయపురంలోనే అయితే మేలు.”

చల్ల తాగిన బలంతో వెంకటపతి బయల్దేరాడు. దోవ పొడుగునా “కుదరదు, కుదరదు” అని వల్లె వేసుకున్నాడు. బేరం కోసం పక్కన ఆగిన రిక్షావాడు, అది తనకే అనుకుని తిట్టిపోశాడు.

బంగళా హాల్లో రంగనాథం కాగితాలు పరుచుకుని కూర్చున్నాడు. “వచ్చినావా? నీ కోసమే చూస్తా ఉండా. షోళింగనల్లూరులో సరుగుడు తోట. చవగ్గా వచ్చింది. ఈడ సంతకం పెట్టు.”

“కుదరదు” అన్నాడు వెంకటపతి. ఆ గొంతు ఎవరిదా అని తనే ఒకసారి వెనక్కి చూశాడు. “నా పేర ఇంకేమీ వద్దు. పెరంబూరు ఇల్లు తెరిచి ప్లాట్‌ఫారం వాళ్ళకు ఇచ్చేద్దాం.”

“ఏమైంది నీకు? ఎండ కొట్టిందా?”

“పాపభయం. ఆస్తి ఎవరి పేర ఉంటే పాపం వాళ్ళదే అంట. శాస్త్రులుగారు చెప్పినారు.”

రంగనాథం కలం కింద పెట్టాడు. “అట్లని శాస్త్రంలో ఉందా?”

“ఉందంట.”

“ఖాయంగా?”

“ఖాయంగా. నూనె బాణలితో సహా.”

రంగనాథం ముఖం పెళ్ళిపందిరిలా వెలిగిపోయింది. గోడ మీది పటానికి రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. “ఏడుకొండలవాడా! నాకూ ఇన్నాళ్ళూ ఇదే బెంగ. నా పేర గజం స్థలం కూడా లేదు గదా! ఇంక నిశ్చింత.” కాగితం ముందుకు తోశాడు. “పెట్టు. ఆ రేకుల కొట్టమైనా మిగలాలంటే, పొన్నమ్మ ముఖం చూసైనా పెట్టు.”

పొన్నమ్మ పేరు వినగానే, దోవంతా వల్లించిన “కుదరదు” గొంతులోనే కూలబడింది. వెంకటపతి సంతకం పెట్టాడు.

ఆ బినామీ కోటీశ్వరుడు వంటింట్లోకి పోయి, యజమాని రంగనాథానికి వంట చెయ్యడానికి పొయ్యి ముట్టించాడు.