తమరి రాక

“తమరి రాక మాకెంతో ఆనందము,” అంటూ టేప్‌రికార్డరు ముందు అప్పజెప్పింది నాలుగేళ్ల భువన.

హేమమాలినికి ఒళ్లు మండిపోయింది. తిరువొత్తియూరు పిల్లలకు తెలుగూ అరవమూ కలిసి ఎలా పట్టుబడతాయన్నదే ఆమె పరిశోధన. సోమవారం సదస్సులో ప్రొఫెసర్ల మధ్య మాట్లాడబోతున్న విద్యార్థిని ఆమె ఒక్కతే.

“ఎవరు నేర్పారు దీనికి ఈ పుస్తకాల మాటలు?”

“నేనేమ్మా,” అంది భువన అవ్వ మునెమ్మ. “వారంగా నేర్పిస్తా ఉండా. మా మాట ఆ సభలో వినిపిస్తే అందరూ నవ్వుతారు గదా. నీకు తలవంపులెందుకని...”

“నిన్నెవరు అడిగారు సాయం? ఆరు నెలల కష్టం బూడిదలో పోశావు! బుద్ధుందా అసలు?”

మునెమ్మ తల దించుకుంది. భువన లేచొచ్చి హేమమాలినిని రెండు చేతులతో తోసింది.

“మా అవ్వని తిట్టబాక! అవ్వ పావం! నువ్వు వేణాం, ఈడికి రాబాక, పో!”

హేమమాలిని ఉలిక్కిపడి టేపు వైపు చూసింది. అది తిరుగుతూనే ఉంది. తెలుగులో అరవం కలిసిన మాట, ఆరు నెలలుగా వెతుకుతున్నది, దొరికింది.

పిల్ల ఎందుకలా అన్నదో సభలో తప్పకుండా అడుగుతారు. అప్పుడు టేపును కాస్త వెనక్కి, తన తిట్ల దాకా తిప్పాలి.