రెండో కప్పు

"సినిమా అయ్యేలోగా ఒక్కడు లేచి బయటికి పోయాడో, వచ్చే గురువారం నుంచి ఇక్కడ ఫుట్‌బాలే," అన్నాడు హాలు యజమాని కసూలే.

నబుకెన్యా ఒప్పుకుంది. కంపాలాలోని ఆ రేకుల హాల్లో సినిమా అంటే ఆమె గొంతే. తెరమీద చైనావాడు తన్నినా, అమెరికావాడు కాల్చినా, మైకు పట్టుకుని లుగాండా భాషలో చెప్పేది ఆమే. క్షణం ఆగితే చాలు, బెంచీల మీంచి వేరుశనగ పొట్టు వచ్చి పడుతుంది. అలాంటిది ఇవాళ మాటల్లేని సినిమా వేస్తానంది. తనూ నోరు విప్పనంది.

కసూలే నవ్వి ఊరుకున్నాడు. ముందు బెంచీలో కూర్చున్న, బోడాలనే అద్దె మోటార్‌సైకిళ్ళు నడిపే ముగ్గురు బండివాళ్ళ దగ్గరికి వెళ్ళి, భుజాల మీద చేతులేసి ఏదో మాట్లాడి వచ్చాడు. పందెం కాసినా మర్యాద మరవలేదు అనుకుందామె.

వాకిలికి కర్టెన్ దించారు. నలుపు తెలుపు బొమ్మ. ఎక్కడో మంచు కురిసే దేశం. ఒక ముసలావిడ రెండు కప్పుల్లో టీ పోసి, ఎదురుగా ఖాళీ కుర్చీ వేసుకుని కూర్చుంది. అంతే. కెమెరా కదల్లేదు.

"ఏం నబుకెన్యా, గొంతు ఇంట్లో మరిచొచ్చావా?" అన్నారెవరో.

"ముసల్దాన్ని కాల్చేవాడు ఎప్పుడొస్తాడు?"

హాలంతా నవ్వింది. నబుకెన్యాకి మాట నాలుక చివరిదాకా వచ్చింది. కొడుకు కోసం చూస్తోందనో, మొగుడి కోసమనో ఒక్క ముక్క చెబితే చాలు, జనం తన గుప్పిట్లో ఉంటారు. కానీ ఆ ముక్క సినిమాలో లేదు. ఇన్నాళ్ళూ తను భయపడింది పొట్టు విసిరేవాళ్ళకి కాదనీ, ఈ నిశ్శబ్దానికేననీ ఆ చీకట్లో ఆమెకి తెలిసింది. మైకుని ఒళ్ళో బోర్లించింది.

అప్పుడే ముందు బెంచీలోంచి లుటాయా అనే బండివాడు సగం లేచాడు. అతను ఆ వంగిన నడుంతోనే తెరవైపు చూస్తూ ఉండిపోయాడు.

"రెండో కప్పులో ఆవిరి ఆగిపోయింది," అన్నాడు మెల్లగా. "ఇంక రాడు."

"ఎవరు?" అన్నాడు పక్కవాడు.

"ఆ కుర్చీలో కూర్చోవాల్సినవాడు."

అని కూర్చున్నాడు. వేరుశనగ పొట్లాల చప్పుడు ఆగిపోయింది. తెరమీద ముసలావిడ తన టీ తాగింది. చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి, ఎదుటి కుర్చీలోకి మారి, చల్లారిపోయిన ఆ రెండో కప్పు కూడా తాగింది.

తెర తెల్లబడ్డాక కూడా ఎవరూ కదల్లేదు. వెనకనుంచి ఒకాయన, మళ్ళీ వెయ్యమన్నాడు. ఇంకో నలుగురు ఆ మాటే అన్నారు.

"గురువారాలు నీవేలే," అన్నాడు కసూలే, ఆమె వైపు చూడకుండా. ఒక్క మాట మాట్లాడకుండా హాలుని గెలిచిన నబుకెన్యా, మైకు తీగ తీరిగ్గా చుట్టుకుంది.

ఇంతలో లుటాయా వచ్చి, జేబులోంచి మూడు మ్యాచ్ పాసులు తీసి కసూలే చేతిలో పెట్టాడు.

"మధ్యలో లేచిపొమ్మని ఇచ్చారు కదా పెద్దాయనా, మీరే ఉంచుకోండి. ఆవిణ్ణి అలా ఒంటరిగా వదిలేసి ఎలా పోతాం?"