మానేయించే మేనేజరు

"ఆ కుర్చీ గాదు ప్రిస్కిల్లా, ఇట్లొచ్చి నా కుర్చీల కూసో. ఇప్పుడు నువ్వు మేనేజరువి. నేను లింగాన్ని."

పాస్‌వర్డు మూడుసార్లు కొట్టినా తెరుచుకోని లాప్‌టాప్‌ను టపీమని మూసేసి, "గీ నెట్టొకటి!" అని తిట్టుకుంటూ మధుసూదన్ లేచాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, గాజు గోడకు వీపు పెట్టి అవతలి కుర్చీలో కూలబడ్డాడు.

"గిది గుర్తు పెట్టుకో. ఎదుటోని వీపే బయటోళ్ళకు కనపడాలె. మొఖం కనపడొద్దు."

టీములో అతని తర్వాతి స్థానంలో ఉన్న ప్రిస్కిల్లా చేతిలో కవరుతో ఇంకా నిలబడే ఉంది.

"సార్, నేను చెప్పేది ఒక్కసారి వినుండ్రి..."

"నాకెర్కే. ఎండీ కవరు నీ చేతికిచ్చిండు. పన్నెండు లోపల చెప్పేసి రమ్మన్నడు. అంతేనా?"

"అంతే సార్."

"నీకు భయమైతున్నది. మొదటిసారి ఎవ్వలకైనా గంతే. అందుకే ముందుగాల నా మీద ప్రాక్టీస్ చెయ్యి. కూసో."

ఆమె కూర్చుంది. కవరు ఒళ్ళో పెట్టుకుంది.

పేట్ బషీరాబాద్‌లో హైవే పక్కన, మార్బుల్ షాపు పైన మూడో అంతస్తులో ఉంది ఆ కంపెనీ. ఇళ్ళకు పాలు పోసే వ్యాపారులకు యాప్‌లు తయారుచేస్తుంది. పోయిన నెల వాళ్ళ కొత్త పాల యాప్ విడుదలైన రోజే విరిగిపోయింది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఆ పొద్దున ఎన్నో ఇళ్ళలో టీ లేదు, తిట్లు మాత్రం పొంగాయి. పాలు విరిగాక ఎవరో ఒకరి మీద విరుచుకుపడాలి కదా! తప్పెవరిదని ఎండీ అడిగితే, యాప్‌లను పరీక్షించి చూసే లింగం పేరు రాసి పంపాడు మధుసూదన్. "ఇంకా తయారు గాలేదు సార్, వారం ఆగుదాం" అని విడుదలకు ముందురోజు లింగం మొత్తుకున్న సంగతి మాత్రం రాయలేదు.

"మేనేజర్ అంటే ఎవరు చెప్పు?"

"టీమును చూసుకునేటోడు సార్."

"కాదు. మానేయించేటోడు!" తన మాటకు తనే పకపకా నవ్వాడు. "నవ్వవేంది?"

"లింగం తప్పు లేదు సార్. ఆయన ముందే చెప్పిండు. ఇంటామెకు ఎనిమిదో నెల."

"తప్పెవలిదైతేంది? ఒకడు పోతేనే మిగిలినోళ్ళు భయంతోని పని చేస్తరు. గా లింగం ఐదేండ్ల కింద దూలపల్లిల కొరియర్ డబ్బాలు మోసేటోడు. తెచ్చి కుర్చీల కూసోబెట్టింది నేనే. కూసోబెట్టినోనికి లేపే హక్కుండదా?"

ప్రిస్కిల్లా ఒళ్ళో కవరును సరిచేసుకుంది.

"అవునుగని, నిన్న ఎండీ నిన్నెందుకు పైకి పిలిచిండు?"

"పాత మెయిళ్ళు చూపియ్యమన్నడు సార్."

"ఇచ్చినవా?"

"అన్నీ ఇచ్చిన."

"మంచిపని చేసినవ్. రేపు వాడు కేసేస్తే సాక్ష్యం గావాలె. ఇగ ఇను. మనిషి గదిలకు రాకముందే లాప్‌టాప్ బంద్ చేపియ్యాలె. కోపంల ఏదన్న తుడిచేస్తే మన పనే తుడుచుకపోతది."

"సిస్టమ్స్ కుర్మయ్యకు పొద్దుగాలనే చెప్పిన సార్."

ఆమె చూపు గాజు గోడ అవతలికి వెళ్ళింది. లింగం తల వంచుకుని కీబోర్డును టకటకలాడిస్తూనే ఉన్నాడు.

"షాబాష్! బండి?"

"కింద క్యాబ్ ఆగి ఉంది."

"మస్తు! ఆ బాధల సొంత బండి నడుపుకుంట పోవద్దు. మన హైవే మీద లారీలు ఎవని పరేషానీ చూడవు." మధుసూదన్ గాజు గ్లాసు నిండా నీళ్ళు పోసి ఆమె ముందు పెట్టాడు. "ఇగ గిది అసలు విద్య. ముందే నీళ్ళిస్తే మనిషికి అనుమానమొస్తది. చెప్పాల్సింది చెప్పినంకనే జరపాలె."

ఆమె చెయ్యి గ్లాసు మీదికి వెళ్ళింది. అతను మణికట్టు మీద చిన్నగా కొట్టాడు.

"ఉత్త ప్రాక్టీసుల ముట్టుకోకు! నిజంగ పోయేటోనికే గా నీళ్ళు. గీ బల్ల మీద తొమ్మిదిమందికి చెప్పిన. ఒక్కలు గూడ ఏడ్వలే. గ్లాసుల నీళ్ళకు కండ్ల నీళ్ళు చెల్లు!"

"మీకెప్పుడూ బాధ గాలేదా సార్?"

"మొదటోనికి అయింది. రెండోనికి ఆకలైంది." మళ్ళీ నవ్వాడు. "కారణాలు చెప్పకు. సారీ అనకు. ఎన్నేండ్లు చేసిండో చెప్పు, అది గౌరవం. ఆ వెంటనే మాట. ఊఁ, కానీ."

"సార్..."

"లింగాన్ని సార్ అంటవా?"

"నాకు పని నేర్పింది మీరే సార్. గట్లనే వస్తది." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సరే, అనుకో. కండ్లు తుడుచుకో. మొదలువెట్టు."

ప్రిస్కిల్లా కళ్ళు తుడుచుకుంది. కవరు తీసి బల్ల మీద పెట్టింది. సూటిగా అతని ముఖంలోకి చూసింది.

"సార్, పదకొండేండ్లు మీరు గీ కంపెనీల పనిచేసిండ్రు. ఇయ్యాల్టితోని మీ ఉద్యోగం అయిపోయింది. గిది మారేది గాదు."

మధుసూదన్ చప్పట్లు కొట్టాడు.

"అబ్బ! గొంతు వణకలే, కండ్లు దించలే. నా పేరు నిలబెట్టినవ్! ఒక్కటే తప్పు. లింగానివి ఐదేండ్లే. పదకొండు నాయి."

ప్రిస్కిల్లా నీళ్ళ గ్లాసును అతని ముందుకు జరిపింది.