బయటికెళ్లిన సమయం

ఫ్యాక్టరీ హాజరు వెబ్‌సైట్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాలంటే షిఫ్టులు లేని ఆదివారం రాత్రే కుదిరింది. భవనంలో ప్రోగ్రామర్ ఒక్కతే ఉంది. వేల వరుసలు కొత్తదానిలోకి వెళ్లాయి గానీ ఒక్కటి మాత్రం మొరాయించింది. తొమ్మిదేళ్ల కిందట ఒక వాచ్‌మన్ కార్డు స్వైప్ చేసి లోపలికి వచ్చాడు. బయటికెళ్లిన సమయం దగ్గర ఖాళీ. ఖాళీ గడిని కొత్త వెర్షన్ ఒప్పుకోదు.

సీనియర్‌కు ఫోన్ చేసింది.

"ఆ వరుస జోలికి పోకమ్మా. మనిషి కోసం వెతికి వెతికి వదిలేశాం. ఆ గడిని ఎవ్వరం ముట్టుకోలేదు. అందుకే ఆ సైట్ ఇన్నేళ్లూ పాతదిగానే ఉండిపోయింది."

"మీ భయాలకి నేను కాపలా కాయలేను సార్," అని ఫోన్ పెట్టేసి, గడిలో అప్పటి టైమే, 1:40 కొట్టింది.

కింద గేటు దగ్గర కార్డు మిషన్ పీమంది. తలుపు తెరుచుకుని, మెల్లగా మూసుకుంది. ఆమె ఊపిరి వదిలేలోపే మిషన్ మళ్లీ పీమంది. తెర మీద కొత్త వరుస పడింది. అదే వాచ్‌మన్, లోపలికి 1:41. బయటికి, ఖాళీ.

బూట్ల చప్పుడు మెట్లెక్కి వచ్చి, ఆమె కుర్చీ వెనక ఆగింది.

ఆమె తిరిగి చూడలేదు.

"ఎన్నిసార్లొస్తావో రా. నీ డ్యూటీ ఎప్పుడో అయిపోయింది," అంటూ ఖాళీ గడిలో 1:42 కొట్టింది.