కుడి జేబు

ముసలాయన మళ్లీ కనిపించాడు.

పొద్దున రంగులరాట్నం దగ్గర. తర్వాత మంచినీళ్ల కుళాయి దగ్గర. ఇప్పుడు బొమ్మ రైలు క్యూలో, నలుగురి వెనక.

మూడుసార్లూ చూపు పిల్ల చేతికట్టు మీదే. మూడుసార్లూ కుడి చెయ్యి ప్యాంటు జేబులోనే.

తల్లి సిటీ బస్సులో కండక్టరు. తొమ్మిదేళ్ల ఉద్యోగం ఆమెకు ఒకటి నేర్పింది. బస్సు కుదుపుకి కూడా జేబులోంచి చెయ్యి తీయనివాడిని నమ్మకూడదు.

పిల్లని దగ్గరికి లాక్కుంది.

పిల్లకి ఏడేళ్లు. మొన్న సాయంత్రం మంచం మీంచి దూకి కుడి ముంజేయి విరగ్గొట్టుకుంది. మోచేతి పైదాకా పిండికట్టు వేశారు. పార్కు టికెట్లు మూడు నెలల కిందటే కొన్నారు. మానేద్దామంటే పిల్ల అన్నం ముట్టలేదు.

"చెయ్యి విరిగిన పిల్లని ఊరేగిస్తారా ఎవరైనా?" అంది అత్తగారు, గుమ్మంలో నిలబడి.

"ఏదీ ఎక్కించను అత్తయ్యా. చూపించి తీసుకొస్తా."

పార్కులో అడుగుపెట్టింది మొదలు సలహాలే. గేటు దగ్గర ఒకావిడ ఎండ తగలనివ్వొద్దంది. ఐస్‌క్రీం బండాయన చల్లటివి పెట్టొద్దని చెప్పి, ఐస్‌క్రీం అమ్మాడు. కట్టు కనిపిస్తే చాలు, ప్రతివాళ్లూ డాక్టర్లే.

అందుకే కుళాయి దగ్గర ముసలాయన "అమ్మా, ఆ కట్టు బిగుసుకుందేమో చూడు" అన్నప్పుడు ఆమె ఆగలేదు.

"వేసింది డాక్టరేనండీ" అని నడిచింది.

క్యూ కదిలింది.

"అమ్మా, చీమలు పోయాయి" అంది పిల్ల.

"ఏం చీమలు?"

"పొద్దున కట్టులో పాకాయని చెప్పా కదా. ఇప్పుడు లేవు. నొప్పి కూడా లేదు."

"చూశావా! బయటికొస్తే అన్నీ పోతాయి."

ముసలాయన వరస దాటుకుని వాళ్ల పక్కకి వచ్చేశాడు.

"ఎన్నేళ్లు తల్లీ నీకు?"

"ఏడు."

"నాకూ అప్పుడు ఏడే" అన్నాడు.

వంగి, ఎడమ చేత్తో పిల్ల బొటనవేలి గోరు నొక్కాడు. వదిలాడు. దానివైపే చూస్తూ ఉండిపోయాడు.

"ఏం చేస్తున్నారు? ముందు చెయ్యి తీయండి!"

"ఈ కట్టు కోయించమ్మా. ఇప్పుడే."

"మీరు డాక్టరా?"

"కాదు. కానీ ఈ ఒక్కటీ నాకు తెలుసు."

"ఎలా తెలుసు?"

ఆయన కుడి మోచెయ్యి వెనక్కి కదిలింది. జేబులోంచి ఏదో పైకి తీయబోయాడు.

ఆమె పిల్లని వెనక్కి లాగింది.

ఆయన పిల్ల ముఖం చూశాడు. పిల్ల ఆ జేబు వైపే చూస్తోంది. ఆయన ఆగిపోయాడు.

అప్పటికే ఆమె కేక పెట్టింది.

ఇద్దరు గార్డులు వచ్చారు, ఒకావిడా ఒకాయనా.

"పొద్దున్నుంచీ మా వెంటే తిరుగుతున్నాడు. పిల్ల మీద చెయ్యేశాడు. ఆ కుడి జేబు వెతకండి, అందులో ఏదో ఉంది!"

వాళ్లు తీసుకెళ్తుంటే ఆయన వెనక్కి తిరిగి తిరిగి అరిచాడు.

"గోరు నొక్కి చూడమ్మా! రంగు తిరిగి రాకపోతే ఆలస్యం చెయ్యొద్దు!"

"పిచ్చి ముదిరింది" అన్నారు క్యూలో ఎవరో.

అత్తగారికిచ్చిన మాట పక్కన పెట్టి ఆమె పిల్లతోపాటు రైలెక్కి కూర్చుంది. రైలు బయల్దేరింది.

ఊరికే, తన బొటనవేలి గోరు నొక్కుకుంది. తెల్లబడింది. వదిలితే రంగు వచ్చేసింది.

తర్వాత పిల్లది నొక్కింది. వదిలింది.

రైలు సొరంగంలోకి వెళ్లి బయటికి వచ్చింది. గోరు తెల్లగానే ఉంది.

"వేళ్లు ఆడించు తల్లీ."

"ఆడిస్తున్నా కదమ్మా" అంది పిల్ల.

వేళ్లు కదల్లేదు.

"ఆపండి! రైలు ఆపండి!"

"భయపడకండమ్మా, చిన్నపిల్లల రైలే ఇది" అన్నాడు డ్రైవరు. రైల్లో నవ్వులు.

ఆ చుట్టు పూర్తయ్యేదాకా రైలు ఆగలేదు.

పార్కు జీపులో ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆ గార్డావిడే. డాక్టరు రంపంతో కట్టు కోశాడు. లోపల చెయ్యి వాచిపోయి ఉంది. డాక్టరు ఒక్కో వేలూ నొక్కి చూశాడు. చాలాసేపటికి పిల్ల ఒక్కసారిగా కెవ్వుమంది.

"ఏడవనివ్వండి. నొప్పి తెలిసిందంటే ప్రాణం తిరిగొస్తున్నట్టే" అన్నాడు డాక్టరు. చిటికెన వేలు కదిలేదాకా చూసి, తల్లి వైపు తిరిగాడు. "ఇంకో రెండు గంటలు ఆగి ఉంటే ముంజేయి తీసేయాల్సి వచ్చేది. గోరు నొక్కి చూడమని మీకెవరు చెప్పారు?"

ఆమె గబగబా వరండాలోకి వచ్చింది. గార్డావిడ బెంచీ మీద ఉంది.

"ఆ పెద్దాయన ఏడీ?"

"గేటు బయట వదిలేశాం. మనవలతో వచ్చాడట, వాళ్లూ వెళ్లిపోయారు."

"పేరు? ఫోన్ నంబరు?"

"రాసుకోలేదమ్మా. దొంగైతే రాసుకునేవాళ్లం."

"జేబు వెతికారుగా. ఏముంది అందులో?"

గార్డావిడ బెంచీ మీంచి లేచింది. గదిలోంచి పిల్ల ఏడుపు వినిపిస్తోంది.

"ఏమీ లేదమ్మా. చొక్కా చెయ్యి చివర జేబులో దోపుకున్నాడు, అంతే. మోచేతి కింద ఆయనకి చెయ్యి లేదు."