సొట్ట

“పని నేర్చిన కాడ్నించీ సొట్టలు తీయడమే నా పని. సొట్ట పెట్టమంటావేంటి బాబూ?”

ఏసుపాదం సుత్తి కింద పెట్టేశాడు. తెనాలిలో అతని టింకరింగ్ షెడ్డుకు నొక్కుకుపోయిన డోర్లు, వంకరపోయిన బానెట్లు వస్తాయి. నున్నగా తిరిగి వెళతాయి. నిక్షేపంలాంటి రేకును చేజేతులా పాడుచేయమన్నవాడు ఈ శ్రీనివాస్ ఒక్కడే.

“పెట్టాలి బాబాయ్. గ్లవ్‌బాక్సుకి ఇటు పక్కన. బొటనవేలు పట్టేంత.”

పాతకాలపు జీపుకు ఇనుప డాష్‌బోర్డు చేయించడమంటేనే తల ప్రాణం తోకకొస్తుంది. కొనడానికి ఎక్కడా దొరకదు. అసలు జీపు పెనుమూడి దగ్గర బోల్తాపడి ముందు భాగమంతా నుజ్జయింది. శ్రీనివాస్ పిచ్చివాడిలా ఊళ్లన్నీ తిరిగి, బాపట్లలో అదే మోడల్ జీపు ఇంకొకటి పట్టాడు. ఆ జీపు డాష్‌బోర్డును మాత్రం ఎవడో మహానుభావుడు పీకేసి ప్లైవుడ్ చెక్క బిగించాడు.

ఆ చెక్క మీద చెయ్యి పడితే చాలు, దుర్గాంబకు అంతా తెలిసిపోతుంది. షుగరు ఆవిడ చూపు తినేసింది. ఇప్పుడు ఏదైనా చేత్తో తడిమే పోల్చుకుంటుంది. జీపెక్కితే ముందు తడిమేది డాష్‌బోర్డునే. భర్త పోయాక ఆ జీపు నడిపింది ఆవిడే. జంపని ఫ్యాక్టరీకి చెరుకు తోలే రోజుల్లో, ఓసారి గేరు పడక మొరాయిస్తే, ఒళ్లు మండి జాకీ రాడ్డుతో ఒక్కటి పీకింది. ఆ సొట్ట అప్పటిది. ముందు సీటు నాదంటే నాదని పోట్లాడుకుంటూ, ఆ సొట్టలో వేలు పెట్టి ఆడుకుంటూ పెరిగాడు శ్రీనివాస్. అతని ఫోనులో ఉన్న పాత ఫోటోలో కూడా సొట్ట స్పష్టంగా కనిపిస్తోంది.

“బండి పడిందని చెప్పేస్తే పోద్దిగా?” అన్నాడు ఏసుపాదం. “ఎంతైనా ఇనుమే కదా బాబూ.”

“చెప్పలేను బాబాయ్. ఆవిడ గుండె అసలే అంతంతమాత్రం. ఏ చెడ్డ కబురూ చెవిన పడకూడదని డాక్టరు మరీమరీ చెప్పాడు.”

“మీ అమ్మగారా?”

“ఆవిడ పెట్టిన ముద్ద తిని పెరిగాను.” శ్రీనివాస్ చేతులు జోడించాడు. “నీకు దణ్ణం పెడతా. కాదనకు.”

అంతలో ఫోను మోగింది. రేపల్లె నుంచి సుధారాణి. దుర్గాంబ కూతురు. పోయిన నెల నుంచి ఆవిడ ఈ కూతురి దగ్గరే ఉంటోంది.

“అన్నయ్యా, అమ్మ నిన్నట్నుంచి అన్నం ముట్టలేదు. ఇంటికెళ్లాలి, జీపు తెమ్మను అని ఒకటే గోల. కారు మాట్లాడతానంటే వద్దంది. ఏదో అనుమానం పడింది. నాకు భయంగా ఉంది అన్నయ్యా.”

“ఆదివారం తెస్తానని చెప్పమ్మా.”

“గుర్తుపడితే?”

శ్రీనివాస్ ఫోను జేబులో పెట్టుకుని ఏసుపాదం వైపు చూశాడు. ఆ చూపు చూశాక ముసలాయన కత్తెర అందుకున్నాడు.

అట్ట కత్తిరించి అచ్చు తీశాడు. రేకు కోసి అంచులు మడిచాడు. మొదటిది మూల దగ్గర చీలిపోయింది. రెండోదానికి మీటరు చిల్లు పెద్దదైంది. మూడోది కుదిరింది. పాత స్విచ్చులు, మీటరు తెచ్చి బిగించారు. కొత్త రంగు వాసన పోవడానికి ఎండలో పెట్టి, డీజిలు గుడ్డతో తుడిచారు. ఇక సొట్ట మిగిలింది.

ఏసుపాదం సుత్తితో మెల్లగా దింపాడు. శ్రీనివాస్ కళ్లు మూసుకుని తడిమి తల అడ్డంగా ఊపాడు. “ఇది కాదు. నున్నగా ఉంది.”

ఏసుపాదం ఆ సొట్ట తీసేసి, జాకీ రాడ్డు తెచ్చి అతని చేతికిచ్చాడు. “కోపంతో కొట్టిన దెబ్బ ఇట్టా జాగ్రత్తగా కొడితే రాదు బాబూ. ఎవరి మీద కోపముందో తలుచుకుని నువ్వే కొట్టు.”

శ్రీనివాస్ కొట్టాడు. షెడ్డంతా మోగింది. రాడ్డు వదిలేసి అక్కడే కూలబడి, పసివాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. చేసేది దొంగపని కాదు, దోషం కాదు. రేకు మీద సొట్టకు ఇంత ఏడుపేమిటో ఏసుపాదానికి అంతుపట్టలేదు. తడిమి చూస్తే మాత్రం సొట్ట అచ్చంగా కుదిరింది.

ఆదివారం పొద్దున జీపు రేపల్లెలో సుధారాణి ఇంటి ముందు ఆగింది. ఏమడిగితే ఏం చెప్పాలో ఇద్దరూ ముందే అనుకుని ఉన్నారు. దుర్గాంబ కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

“శీనూ, నువ్వేనా?”

“నేనేనమ్మా.”

ఆవిడ జీపు కమ్మీ పట్టుకుంది. ముందు సీట్లోకి ఎక్కి కూర్చుంది. చెయ్యి చాపింది. స్విచ్చులు తడిమింది. మీటరు చుట్టూ వేలు తిప్పింది. సుధారాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆవిడ వేళ్లు గ్లవ్‌బాక్సు పక్కకు వెళ్లాయి. సొట్ట దొరికింది. బొటనవేలు అందులో సరిగ్గా పట్టింది. గండం గడిచిందనుకున్నాడు శ్రీనివాస్. చెమట తుడుచుకుని తాళం తిప్పబోయాడు.

దుర్గాంబ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

“నన్నిక్కడ దింపడానికి వచ్చే ముందే మా ఫణీంద్ర ఈ సొట్ట సాపు చేయించేశాడురా, ఎందుకు తీయించావని దారి పొడుగునా వాడితో పోట్లాడాను, ఇక దాచకు శీనూ, నా కొడుకు లేడు కదూ?”