కార్డు మీది నంబరు

"కళావతి మేడం కంప్యూటర్ నడిస్తే నాది ఆగిపోతాంది సార్. ఆమెను ల్యాబ్ నుంచి పంపున్రి," అన్నాడు విఠల్.

కాలేజీ ల్యాబులో ఈ ఇద్దరిలో ఒకరికే ఉద్యోగం. కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ కార్డుకు ఎవరు మంచి డ్రైవర్, అంటే కార్డును నడిపించే ప్రోగ్రామ్, రాస్తే వాళ్లకే అది.

"బంద్ చెయ్యమ్మా," అన్నాడు హెడ్ రామలింగం విసుగ్గా.

కళావతి స్విచ్ ఆపింది. వెంటనే విఠల్ తెర మీద అక్షరాలు పరుగెత్తాయి.

"చూసిన్రా? వంట చేసుకునేటోళ్లకు గీ పనులెందుకు సార్?"

కళావతి తన కంప్యూటర్ మూత విప్పి, కార్డు తీసి హెడ్ చేతిలో పెట్టింది.

"ప్రతి కార్డుకు ఫ్యాక్టరీలనే దేనికదే వేరే నంబరు ఇస్తరు సార్. రెండు మెషిన్లు ఒకటే నంబరు చెప్తే రెండూ ఆగుతయి. డ్రైవర్ ఆ నంబరును కార్డు నుంచే చదవాలె. నేను పరీక్ష కోసం మొన్న నా కార్డు నంబరును ప్రోగ్రాంలనే రాసి పెట్టిన. విఠల్ సారు మెషిన్ ఏం నంబరు చెప్తాందో జర చూడున్రి."

విఠల్ కీబోర్డు ముట్టలేదు. రామలింగమే వంగి టైపు చేశాడు. తెర మీదా, చేతిలోని కార్డు మీదా ఒకటే నంబరు.

"నువ్వు రాసిన డ్రైవర్ల ఆమె నంబరు ఎట్లుందయ్యా?"

కళావతి కార్డును తిరిగి బిగించి, స్విచ్ మీద చెయ్యి పెట్టింది.

"ఇగ ఎవరిది బంద్ చెయ్యాల్నో చెప్పున్రి సార్."